చేతులు మాయమయ్యే ఆదివారాలు

కుప్పం,
16 జూన్ 2008

అన్నకు,

నీరజ నమస్కారాలు. రెండేళ్ళ తర్వాత నీకు ఉత్తరం రాస్తున్నాను. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటరులో ఉన్నాయన నన్ను ఎగాదిగా చూశాడు. కంప్యూటరుకు కెమెరా వచ్చాక మనం ఉత్తరాలు మానేశాం కదా, నాకూ కొత్తగానే ఉంది.

నిన్న సాయంత్రం మళ్ళీ అదే జరిగింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను, తెర మీద నీ బొమ్మ ఆగిపోయింది. కుడిచెయ్యి గాల్లో పెట్టి, నోరు సగం తెరిచి బిగుసుకుపోయావు. ఏం చెప్పబోయావో అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. కాసేపటికి బొమ్మే పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఈ నెలంతా ఇదే వరస.

వేరేవాళ్ళకైతే ఇది పెద్ద కష్టం కాదు. కంప్యూటరు మొరాయిస్తే ఫోను చేసుకుంటారు. చెవులు వినబడని దాన్ని, నేను ఫోను ఏం చేసుకోను? చిన్నప్పుడు జ్వరంలో నా చెవులు పోయాక మనింట్లో కల్పించుకున్న సైగలు అమ్మకు, నీకు, నాకు తప్ప ఎవరికీ పూర్తిగా రావు. అమ్మ పోయాక ఇద్దరమే మిగిలాం. ఇక్కడ గ్రానైటు కంపెనీ ఆఫీసులో, నాలుగు సైగలు నేర్చుకుంటున్న మెహ్‌నాజ్ తప్ప అందరూ నాతో చీటీల మీద మాట్లాడతారు. రోజంతా ఈ చేతులు టైపు కొడతాయి. అవి మనసారా మాట్లాడేది ఆదివారం సాయంత్రం, నీతోనే. ఆ గంట కోసమే వారమంతా నెట్టుకొస్తాను. చెప్పకూడదు గానీ అదే నిజం.

నీకు కంప్యూటరు అమ్మిన మదనపల్లె అలావుద్దీన్ మా ఆఫీసు కంప్యూటర్లు చూడ్డానికీ వస్తుంటాడు. ఆయన్ను అడిగాను. ఎట్లా మాట్లాడతాడో అట్లాగే రాస్తాడు. "అక్కా, మీ అన్న ఇంట్లో ఉండే మోడెం లోపల ఒక ప్రోగ్రాము ఉంటాది. ఫర్మ్‌వేర్ అంటారు. ఆయప్పది పాతది. ఇప్పుడు కొత్తది వచ్చిండాది, దాన్ని ఎక్కిస్తే వైఫై తెగకుండా నిలబడతాది. కానీ ఎక్కించేటప్పుడు కరెంటు పోయిందంటే మోడెం సచ్చిపోతాది, మళ్ళీ లెయ్యదు" అని చీటీ నిండా రాశాడు.

మోడెం నీది, ఇల్లు నీది. ఎక్కించమందామా వద్దా నువ్వే చెప్పు.

నీ చెల్లెలు,
నీరజ


పుంగనూరు,
24 జూన్ 2008

నీరజకు అన్న ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, ఇన్‌స్టిట్యూట్‌లో టైపు మిషన్లూ క్షేమం. విద్యార్థులే నలుగురికి దిగారు. అందరూ కంప్యూటరు కోర్సులకు ఎగబడుతుంటే ఈ టకటకలు ఎవరికి కావాలి? మిషన్లు తుప్పు పట్టకుండా ఉత్తరం టైపు కొడుతున్నాను, ఏమనుకోకు.

మోడెం విషయం. నాకు ఇష్టం లేదమ్మా. పనిచేసేదాన్ని కెలకడం ఎందుకు? మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో బ్రహ్మకు కూడా తెలియదు. ఎదురింటి రామచంద్ర తన సెల్‌ఫోనుకు ఇట్లాగే ఏదో కొత్త ప్రోగ్రాము ఎక్కించబోయాడు. అది రాయిలాగ అయిపోయింది. ఇప్పుడు కాగితాలు ఎగిరిపోకుండా పైన పెట్టుకుంటున్నాడు. "అనుభవించినోణ్ణి సెప్తాండాను ధనుంజయా, దాని జోలికి పోవద్దప్పా" అన్నాడు.

బొమ్మ ఆగిపోయేది నాకూ తెలుసు. నాకు దానితో పాటు ఇంకో తంటా కూడా ఉంది. నీ ముఖం కనిపిస్తూనే ఉంటుంది, చేతులు మాత్రం ఉన్నట్టుండి మాయమైపోతాయి. చేతులు వెతుక్కుంటే ముఖం ఉండదు. అదంతా లైను లోపమే. స్తంభం దగ్గర ఎక్కడో తీగ వదులై ఉంటుంది, ఎవరైనా వచ్చి బిగిస్తే చక్కబడుతుంది.

తెగుతూ తెగుతూనైనా మాట్లాడుకుంటున్నాం. మోడెం చచ్చిపోతే అదీ ఉండదు. ఉన్నదాంతో సర్దుకుందాం. ఆవకాయ పెట్టాను, ఉప్పు ఎక్కువైంది. అమ్మ ఉంటే నా చెయ్యి విరిచేది.

అన్న,
ధనుంజయ


కుప్పం,
2 జూలై 2008

అన్నకు,

టైపు కొట్టిన ఉత్తరం చూసి ముందు మా కంపెనీదేమో అనుకున్నాను. నా పేరు కూడా అచ్చులో చూస్తే జీతం పెంచలేమని చెప్పే కాగితంలాగ ఉంది. నీ చేతిరాత నాకు కావాలి. కోపంగా ఉంటే నీ అక్షరాలు పెద్దవవుతాయి, దిగులుగా ఉంటే కిందికి జారతాయి. గొంతు వినలేని దానికి అదే గొంతు. మిషన్లు తుప్పు పడితే పట్టనీ.

నీ చేతులు నాకు ఎప్పుడూ మాయం కాలేదు. బొమ్మ ఉన్నంతసేపూ వేళ్ళ గోళ్ళు కూడా కనిపిస్తాయి. అలావుద్దీన్‌ను అడిగితే, వచ్చే లైను వేరు, పోయే లైను వేరు, నీ వైపు మోడెమే బాగాలేదని రాశాడు. కరెంటుకు భయపడవద్దన్నాడు. తన అంగట్లో బ్యాటరీ పెట్టె ఉందట, కంప్యూటర్లకు వాడేది, దాన్నే తెచ్చి దానిమీద పని కానిస్తాడట. ఆ తర్వాత భయమేముంది?

మొన్న ఇంటి ఓనరు సరోజమ్మ నా గదికి పాలగిన్నె ఇవ్వడానికి వచ్చింది. నేను పొయ్యి దగ్గర నిలబడి చేతులతో మాట్లాడుకుంటున్నానట. నాకే తెలియదు. ఆమె నా భుజం తట్టి, పెదాలు నిదానంగా కదిపింది. "ఎవురితో మాట్లాడతాండావు నీరజా? ఈడ ఎవురూ లేరే." వచ్చే ఆదివారానికి మాటలు సర్దుకుంటున్నానని ఆమెకు ఎట్లా చెప్పను? నవ్వి ఊరుకున్నాను.

ఎక్కించమని చెప్పు అన్నా. చేత్తో రాసి చెప్పు.

నీరజ


పుంగనూరు,
12 జూలై 2008

నీరజమ్మకు,

మళ్ళీ టైపు కొడుతున్నందుకు తిట్టుకో. వేళ్ళకు వాతం పట్టినట్టుంది, పెన్ను పట్టుకుంటే జారిపోతోంది. మిషను మీదైతే అలవాటైన చోట్లకు అవే పోతాయి.

మోడెం సంగతి ఆలోచించాను. ఇది ఆషాఢం. మనింట్లో ఆషాఢంలో కొత్త చీపురు కూడా కొనేవాళ్ళు కాదు. ఈ నెలలో దాని కడుపు కోసి కొత్త ప్రోగ్రాము పెట్టడం నాకు మనస్కరించడం లేదు. శ్రావణం రానీ, చూద్దాం. అలావుద్దీన్‌కు అంత దూరం బ్యాటరీ మోసుకొచ్చే శ్రమ కూడా ఎందుకు?

ఇంకో మాట. ఆదివారం గంటసేపు కూర్చుంటే నాకు కళ్ళు లాగుతున్నాయి. కాసేపు మాట్లాడుకుని కట్టేద్దాం. క్షేమమేనని ఒకరికొకరం చూసుకుంటే చాలు కదా.

ఇక్కడ వానలు లేవు. టమోటా వేసినవాళ్ళు మదనపల్లె మార్కెట్టుకు పోయి ముఖాలు వేలాడేసుకుని వస్తున్నారు.

అన్న


కుప్పం,
21 జూలై 2008

అన్నకు,

ఆషాఢం పెళ్ళిళ్ళకు గాని మోడెంలకు కాదు. పంచాంగం చూసి పని మొదలుపెట్టే మనిషివే అయితే అమావాస్య నాడు ఇన్‌స్టిట్యూట్ తెరిచి నాన్నతో తిట్లు తినేవాడివా? నువ్వు సాకులు వెతుక్కుంటున్నావు.

నిన్న జరిగింది చెప్తాను. నువ్వు మర్చిపోయి ఉంటావు. మెహ్‌నాజ్ గురించి చెప్పాను నీకు. మా ఆఫీసులో నా పక్క టేబులు. ఏడాదిగా నా దగ్గర సైగలు నేర్చుకుని, మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు నాతో చేతులతోనే మాట్లాడేది. తప్పులు చేసేది, నవ్వుకునేవాళ్ళం. ఆమెకు పెళ్ళి కుదిరి బెంగుళూరు వెళ్ళిపోయింది. నిన్న అదే నీకు చెబుతున్నాను. నా అలవాటు నీకు తెలుసు, ఏడుపు విషయం చెప్పేటప్పుడు ముఖం నవ్వుతూ పెట్టుకుంటాను. చేతులు చూస్తేనే సంగతి తెలుస్తుంది. ఇకమీదట మధ్యాహ్నం ఒంటరిగా తినాలి అని నేనంటే, నువ్వు పకపకా నవ్వి బాగుంది బాగుంది అన్నావు.

బొమ్మ అప్పుడు ఆగలేదన్నా. అంతసేపూ కదులుతూనే ఉంది.

నువ్వు చూడ్డం లేదు. తెర ముందు కూర్చుంటున్నావు గాని నా మాట వినడం లేదు. కాసేపు చాలని రాశావు. నాతో మాట్లాడటం నీకు పనిలాగ అయిపోయింది కాబోలు. మోడెం బాగుపడితే గంటంతా కూర్చోవాలని భయమా? అది నిజమైతే శ్రావణం దాకా ఆగనక్కరలేదు, ఇప్పుడే చెప్పు.

నీరజ


పుంగనూరు,
11 ఆగస్టు 2008

నీరజకు,

నీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. మెహ్‌నాజ్ వెళ్ళిపోయిందంటే నవ్వినవాణ్ణి నన్ను ఏమన్నా తప్పులేదు. నీతో మాట్లాడటం పని ఎప్పుడూ కాదు. ఆ ఒక్కటి నమ్ము.

శ్రావణం వచ్చింది, నీ మాట కాదనలేక శనివారం అలావుద్దీన్‌ను పిలిపించాను. బ్యాటరీ తెచ్చాడు, పాతదేదో తెచ్చినట్టున్నాడు. ప్రోగ్రాము సగం ఎక్కుతుండగా కరెంటు పోయింది, బ్యాటరీ ఆదుకోలేదు. మోడెం మీద లైట్లన్నీ ఆరిపోయాయి. మళ్ళీ వెలగలేదు. నేను భయపడిందే జరిగింది. పాపం అతన్ని ఏమీ అనొద్దు, అడగనూ వద్దు, అసలే నొచ్చుకున్నాడు.

కొత్త మోడెం కొనాలని కూడా నాకు ఇప్పట్లో లేదు. ఇక ఆదివారాలు లేనట్టే. ఉత్తరాలు ఉన్నాయి కదా, వారానికొకటి రాసుకుందాం. ఒకప్పుడు వాటితోనే బతకలేదా?

అన్న


కుప్పం,
25 ఆగస్టు 2008

అన్నకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు అన్నం దిగలేదు. వద్దు వద్దంటున్నవాణ్ణి పట్టుబట్టి ఒప్పించాను, నా మొండితనమే ఉన్న కాస్త మాటనూ మింగేసిందని ఏడ్చాను. మొన్న శనివారం సెలవు పెట్టి మదనపల్లె వెళ్ళాను, కొత్త మోడెం కొని నేరుగా నీ ఇంటికి తెచ్చి నిన్ను ఆశ్చర్యపరుద్దామని.

అలావుద్దీన్ అంగట్లో చీటీ మీద అడిగాను. ఆయన నా వంక చూసి, చీటీ వంక చూసి, ఇట్లా రాశాడు. "ఎవురు సెప్పిరి అక్కా సచ్చిపోయిందని? నా చేత్తో నేనే ఎక్కించినా. కరెంటూ పోలేదు, ఏమీ పోలేదు. గంటసేపు సూసినా, ఒక్కసారి కూడా తెగలేదు. ఆయప్ప నాకు కాఫీ కూడా ఇచ్చె." ఆ చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు పుంగనూరులో ఆగింది. దిగుదామని లేచాను. మీ వీధి మలుపు కనిపిస్తూనే ఉంది. దిగలేదు. నా మీద విసుగెత్తి మోడెం చచ్చిందని చెప్పిన మనిషి ఇంటి తలుపు ఏ ముఖం పెట్టుకుని తట్టను? అట్లాగే కూర్చుని పలమనేరు వచ్చి బస్సు మారాను.

నిన్న ఆదివారం కదా. సాయంత్రమైంది. కంప్యూటరు వెలిగించి దాని ముందు కూర్చున్నాను. నువ్వు రావని తెలుసు. అయినా కూర్చున్నాను.

ఒక్క ప్రశ్న. నాతో మాట్లాడటం నీకు కష్టంగా ఉందా? అవునంటే తట్టుకుంటాను. అబద్ధం మాత్రం వద్దు.

నీరజ


పుంగనూరు,
2 సెప్టెంబరు 2008

నీరజకు,

నీకు దొరికిపోయాను. మోడెం చావలేదు, ఒప్పుకుంటాను.

అసలు సంగతి ఏమంటే ఇన్‌స్టిట్యూట్‌కు కొత్త బ్యాచి వచ్చింది. పరీక్షలు దగ్గరపడ్డాయని ఆదివారం సాయంత్రాలు కూడా క్లాసులు పెట్టమన్నారు. నాకు ఊపిరాడటం లేదు. అది నీకు చెబితే నొచ్చుకుంటావని మోడెం మీదికి నెట్టాను. ఇంతకంటే ఏమీ లేదు. నీ మీద విసుగు అని ఎట్లా అనుకున్నావు?

బ్యాచి అయిపోయాక మాట్లాడుకుందాం. సంక్రాంతి దాటనీ. నా గురించి బెంగ పెట్టుకోవద్దు, గుండ్రాయిలాగ ఉన్నాను. రేపు వినాయకచవితి, ఉండ్రాళ్ళు చేసుకుని తిను.

అన్న


కుప్పం,
8 సెప్టెంబరు 2008

అన్నా,

నువ్వు పంపిన కాగితం తెల్లగా వచ్చింది.

కవరు తెరిచి, మడత విప్పి, అటూ ఇటూ తిప్పి చూశాను. ఒక్క అక్షరం లేదు. నా ప్రశ్నకు నీ జవాబు ఇదేనా, చెప్పడానికి నీకిక ఏమీ లేదని తెల్లకాగితం పంపావా అనుకున్నాను.

చించేద్దామని చేతిలోకి తీసుకుంటే వేళ్ళకు గరుకు తగిలింది. కిటికీ దగ్గర వాలుగా పట్టుకుని చూస్తే వరసలు వరసలుగా గుంటలు. పెన్సిలు అడ్డంగా పెట్టి మెల్లగా రుద్దాను. అక్షరాలు ఒక్కొక్కటే లేచాయి. కొత్త బ్యాచి, ఆదివారం క్లాసులు, ఉండ్రాళ్ళు, అన్నీ చదివాను.

టైపు మిషను పక్కన ఉండే చిన్న మీట నాకు తెలుసు, నేర్పించింది నువ్వే. తెల్లచుక్క మీద పెడితే రిబ్బను పైకి లేవదు, అచ్చు గుద్దుకుంటుంది గాని సిరా అంటదు. కాపీలు తీసే మైనం కాగితం, స్టెన్సిలు, కోయడానికి మాత్రమే అట్లా పెడతాం. స్టెన్సిలు పని కాగానే మీట వెనక్కి తిప్పనివాళ్ళ వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవాడివి. నన్నూ కొట్టావు. అట్లాంటి నువ్వు పేజీ నిండా సిరా లేకుండా కొట్టి, మడిచి, కవర్లో పెట్టి, పోస్టు చేశావు. కవరు మీద అడ్రసు చేత్తో రాశావు. వరసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి.

విద్యార్థి ఒక తప్పు చేస్తే గది అవతలి నుంచి పట్టుకునే మనిషి తన ఉత్తరం తెల్లగా ఉందని చూసుకోకుండా ఉండడు. నువ్వు చూడలేదు. నీకు కనబడలేదు.

మెహ్‌నాజ్ సంగతికి నవ్వినప్పుడూ అంతేనా? నా చేతులు మాయమైపోతాయన్నప్పుడూ అంతేనా?

అన్నా, నీ కళ్ళకు ఏమైంది? చేత్తో రాయి. వరసలు ఎక్కితే ఎక్కనీ, నేను చదువుకుంటాను.

నీరజ


పుంగనూరు,
15 సెప్టెంబరు 2008

నీరజమ్మా,

చేత్తో రాస్తున్నాను. వరస తప్పకుండా స్కేలు అడ్డం పెట్టుకున్నాను.

ఉగాది నాటి నుంచే అనుమానం. తలుపు చెక్క భుజానికి కొట్టుకునేది, పక్కనుంచి వచ్చే సైకిలు మీదికొచ్చేదాకా కనబడేది కాదు. వయసు అనుకున్నాను. ఆదివారాలు నీ చేతులు పోయేవి. అప్పుడప్పుడు బొమ్మ నిజంగానే ఆగేది కదా, అందుకని అంతా మోడెం తప్పే అనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు హాయిగా ఉండేది. నువ్వు దాన్ని బాగుచేద్దామన్న ప్రతిసారీ నాకు భయమేసేది. అది బాగుపడితే తప్పు మోపడానికి నా దగ్గర ఇంకేముంది? అందుకే కరెంటన్నాను, ఆషాఢమన్నాను.

అలావుద్దీన్ ప్రోగ్రాము ఎక్కించాక, మదనపల్లె అంగట్లో ఉన్న తన మనిషికి ఫోను చేసి, కెమెరా ముందు కూర్చోబెట్టి రెండు చేతులూ ఊపమన్నాడు. "సూడప్పా, ఎంత బాగా కదలతాండాదో బొమ్మ" అన్నాడు. ఆ మనిషి ముఖం కనిపించింది. చేతులు కనిపించలేదు. బాగుందప్పా అన్నాను. కాఫీ ఇచ్చి పంపించాను. తర్వాత ఆ తెర ముందే చాలాసేపు కూర్చున్నాను. మోడెం మీద లైటు కదలకుండా వెలుగుతూనే ఉంది. దాన్ని పీకి పారేయాలనిపించింది.

తర్వాత మదనపల్లెలోనే కంటి డాక్టరు దగ్గరికి పోయాను. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందట, గ్లాకోమా అన్నాడు. చుట్టూ ఉండే చూపు పోయింది, నడిమధ్య కొంచెం మిగిలింది. గొట్టంలోంచి చూసినట్టు. పోయింది రాదు, చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలవచ్చు అన్నాడు. ఎన్నాళ్ళు అని నేను అడగలేదు. నీ ఉత్తరాలు పగటి వెలుతురులో ఒక్కో మాటా పట్టుకుని చదువుకుంటాను. సాయంత్రమైతే రాసిన కాగితమూ తెల్లకాగితమూ నాకు ఒకటే. కొత్త బ్యాచి ఏదీ లేదు. స్టెన్సిలు కోసింది కూడా గుడి వాళ్ళ కరపత్రానికి, ఊరికే చేసిపెట్టాను.

నీకు చెప్పకపోవడానికి కారణం ఒకటే. నీతో చేతులతో మాట్లాడే మనిషిని నేనొక్కణ్ణే. ఆ చేతుల్ని ఇక నేనూ చూడలేను అని నీకు ఎట్లా చెప్పాలి?

పరిగెత్తుకుని రావద్దు. నిన్ను ఎదురుగా చూసి చెప్పేంత ధైర్యం ఇంకా రాలేదు.

ధనుంజయ


కుప్పం,
22 సెప్టెంబరు 2008

అన్నకు,

నీ ఉత్తరం చదివి నిన్ను తిట్టిన తిట్లు రాస్తే పోస్టువాళ్ళు తీసుకోరు. నువ్వు నన్ను వద్దనుకున్నావని ఇన్నాళ్ళూ ఏడ్చాను. ఇప్పుడు నీ కళ్ళ కోసం ఏడుస్తున్నాను. రెండో ఏడుపు మేలు అనిపించింది, అట్లా అనిపించినందుకు మళ్ళీ ఏడ్చాను.

ఏడుపు అయ్యాక ఒక పని చేశాను. సరోజమ్మ దగ్గర పాత పేపరు అడిగి, గొట్టంలాగ చుట్టి, ఒక కన్ను మూసి ఇంకో కంటికి పెట్టుకున్నాను. అద్దం ముందు నిలబడితే నా ముక్కూ నోరూ కనిపించాయి, చేతులు లేవు. నువ్వు చెప్పినట్టే ఉంది. కొంచెం వెనక్కి జరిగాను. మెడ వచ్చింది. ఇంకా జరిగాను. మంచం తగిలేదాకా జరిగితే, చిన్నగానే గాని మనిషి మొత్తం గొట్టంలో పట్టింది, చేతులతో సహా. సరోజమ్మ వాకిట్లో నిలబడి చూస్తోంది. ఈసారి నాకు నిజంగానే మతిపోయిందనుకుని ఉంటుంది.

ఇన్నాళ్ళూ నీకు బాగా కనబడాలని కెమెరాకు దగ్గర దగ్గరగా జరుగుతూ వచ్చాను. అదే తప్పు. వచ్చే ఆదివారం కెమెరాను కిటికీలో పెట్టి, నేను వెనక గోడకు ఆనుకుని నిలబడతాను. నువ్వు కూడా తెర నుంచి కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చో. చిన్న బొమ్మ కదా, కొంచెం తెగినా ఏమీ అర్థం కాదు. మోడెం నిలకడగా ఉండి తీరాలి. దాన్ని పీకి పారేయనందుకు సంతోషం.

కనబడకపోతే కనబడలేదని చెప్పు. నవ్వి ఊరుకోవద్దు.

నీరజ


పుంగనూరు,
29 సెప్టెంబరు 2008

నీరజమ్మకు,

నిన్న నువ్వు గోడకు ఆనుకుని నిలబడ్డావు. నా అరచేయంత ఉన్నావు. ముఖమూ చేతులూ ఒక్కసారిగా చూసి ఎన్ని నెలలైందో. మెహ్‌నాజ్ సంగతి మొదటి నుంచి మళ్ళీ చెప్పావు. ఈసారి ఒక్క మాట కూడా పోలేదు. బొమ్మ ఒక్కసారీ ఆగలేదు. నువ్వు నవ్వుతూ చెప్పావు, నేను నవ్వలేదు, చూశావు కదా.

కానీ నీరజా, నువ్వు వెనక్కి జరిగినప్పుడు నీ వెనకాల గది కూడా కనబడింది. ఇన్నాళ్ళూ తెర నిండా నీ ముఖమూ చేతులే. ఆ గదిని నేను మొదటిసారి చూశాను. ఒక మంచం. ఒక కుర్చీ, దానిమీద నీ సంచి. గూట్లో బోర్లించిన ఒక కంచం, ఒక గ్లాసు. తీగ మీద ఒక చీర. ఇంకేమీ లేదు. నువ్వు ఏదో చెబుతుంటే నేను కాసేపు వినలేదు, ఆ కంచాన్నే చూస్తూ ఉండిపోయాను. అది నా కళ్ళ తప్పు కాదు.

పదేళ్ళుగా నువ్వా గదిలో ఉన్నావు. పండగలకు నువ్వే ఇక్కడికి వచ్చేదానివి, నేను ఒక్కసారీ గడప తొక్కలేదు. నా కళ్ళు పోతున్నాయని నా ఏడుపు నేను ఏడుస్తూ కూర్చున్నాను. నీ పక్కన ఎవరున్నారని ఎప్పుడూ అడగలేదు.

వచ్చే ఆదివారం కంప్యూటరు పెట్టొద్దు. నేనే వస్తున్నాను. పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా వస్తాను. బోర్డులు చదవలేను, కండక్టర్లను అడుగుతాను. ఆవకాయ తెస్తున్నాను, ఉప్పుదే. రెండో కంచం కూడా తెస్తున్నాను.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. కుప్పం బస్టాండులో బస్సు ఆగగానే నా దగ్గరికి పరిగెత్తుకు రావద్దు, దగ్గరికొస్తే నాకు కనబడవు. అవతల అంగళ్ళ దగ్గర దూరంగా నిలబడి రెండు చేతులూ ఎత్తు. నిన్ను నేనే చూసుకుని వస్తాను.

అన్న